సాంకేతిక సందేహాలు: కోరూటీన్లలో టెయిల్ కాల్, టార్గెట్‌ను బట్టి మారే హామీ

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఐదు ఒకే విషయానికి సంబంధించినవి. ఒక కోరూటీన్ (మధ్యలో ఆగి మళ్లీ సాగగల ఫంక్షన్) ఆగి మరొక కోరూటీన్‌కు పని అప్పగించేటప్పుడు స్టాక్, అంటే ఫంక్షన్ పిలుపుల వివరాలు పేరుకునే మెమరీ, పెరగకుండా ఉండాలంటే కంపైలర్ ఆ అప్పగింతను టెయిల్ కాల్‌గా, అంటే వెనక్కి రానవసరం లేని జంప్‌గా, మార్చాలి. అది కొన్ని టార్గెట్ల మీద, అంటే కోడ్ నడవవలసిన కొన్ని ప్రాసెసర్లు, వేదికల మీద, సాధ్యమవుతోంది, కొన్నింటి మీద కావడం లేదు. కారణాలు ఒక్కోచోట ఒక్కో రకంగా ఉన్నాయి కాబట్టి ఈ సంచికలో ఆ ఐదింటికే చోటిస్తున్నాం.

ప్రశ్న: మా బృందం సీ++20 కోరూటీన్లతో ఒక నెట్‌వర్క్ సర్వర్ రాసింది. జీసీసీ కంపైలర్‌లో ఓ2 ఆప్టిమైజేషన్ స్థాయిలో బిల్డ్ చేస్తే రోజుల తరబడి ఆగకుండా నడుస్తుంది. అదే కోడ్‌ను ఆప్టిమైజేషన్ లేని ఓ0లో బిల్డ్ చేస్తే, రికార్డులను ఒక్కొక్కటిగా చదివే లూప్ లక్ష చుట్లు పూర్తికాకుండానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ప్రోగ్రాం పడిపోతోంది. మా కోడ్‌లో రికర్షన్ (ఫంక్షన్ తనను తానే మళ్లీ పిలుచుకోవడం) ఎక్కడా లేదు. మరి స్టాక్ ఎలా నిండుతోంది?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: మీరు రాసిన కోడ్‌లో రికర్షన్ లేదు. మీ కోడ్ నుంచి కంపైలర్ తయారుచేసిన కోడ్‌లో మాత్రం ఉంది. ఆ రెండింటి మధ్య జరిగేదాన్ని కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే మిగతా నాలుగు జవాబులకూ ఇదే ఆధారం.

కోరూటీన్ అంటే మధ్యలో ఆగి, ఆగినచోటి నుంచే మళ్లీ సాగగల ఫంక్షన్. మెల్విన్ కాన్వే 1963లో ప్రచురించిన వ్యాసంలో ఈ భావనను వివరించినప్పుడు కోరూటీన్లు సమాన హోదా గలవి. ఒకటి పిలిచేది, మరొకటి పిలిపించుకునేది అన్న తేడా వాటి మధ్య లేదు. సీ++20లో కోరూటీన్‌కు సొంత స్టాక్ ఉండదు. దాని లోకల్ వేరియబుల్స్‌లో ఆగిన తరువాత కూడా కావలసినవన్నీ ఒక ఫ్రేమ్‌లో, సాధారణంగా హీప్ (ప్రోగ్రాం అడిగి తీసుకునే మెమరీ) మీద, ఉంటాయి. కంపైలర్ మీ ఒక్క ఫంక్షన్‌ను కనీసం మూడు ముక్కలు చేస్తుంది. మొదటిది ఫ్రేమ్‌ను సిద్ధం చేసి పని ప్రారంభించేది, రెండవది ఆగినచోటి నుంచి కొనసాగించేది, మూడవది ఫ్రేమ్‌ను రద్దు చేసేది. చివరి రెండింటి చిరునామాలూ ఫ్రేమ్ మొదట్లోనే ఉంటాయి. కోరూటీన్ హ్యాండిల్ అనేది ఆ ఫ్రేమ్‌కు పాయింటర్ మాత్రమే కాబట్టి, హ్యాండిల్ చేతిలో ఉంటే ఆ కోరూటీన్‌ను ఎవరైనా కొనసాగించవచ్చు.

ఇప్పుడు మీ లూప్‌కు వద్దాం. తల్లి కోరూటీన్ ఒక రికార్డు కోసం పిల్ల కోరూటీన్‌ను కో-అవైట్ చేస్తుంది, అంటే దాని ఫలితం కోసం ఎదురుచూస్తుంది. తల్లి ఆగుతుంది, అవైట్-సస్పెండ్ అనే ఫంక్షన్ పిల్ల హ్యాండిల్‌ను తిరిగిస్తుంది, కంపైలర్ ఆ హ్యాండిల్‌లోని కొనసాగింపు ఫంక్షన్‌ను పిలుస్తుంది. రికార్డు బఫర్‌లో ముందే సిద్ధంగా ఉంటే పిల్ల ఎక్కడా ఆగకుండా పని ముగించి, తన చివరి విరామం దగ్గర తల్లి హ్యాండిల్‌ను తిరిగిస్తుంది. వెంటనే తల్లి కొనసాగింపు ఫంక్షన్‌కు పిలుపు వెళ్తుంది. తల్లి తరువాతి చుట్టులోకి వెళ్లి మళ్లీ ఒక పిల్లను పిలుస్తుంది. ఈ మొత్తంలో ఏ ఒక్క పిలుపూ వెనక్కి రాలేదన్నది గమనించండి. చుట్టుకు రెండు పిలుపులు చొప్పున స్టాక్ మీద పేరుకుపోతూనే ఉన్నాయి. మీ కోర్ డంప్‌ను (ప్రోగ్రాం పడిపోయినప్పటి మెమరీ నకలును) డీబగ్గర్‌లో తెరిచి బ్యాక్‌ట్రేస్, అంటే పిలుపుల వరుస, అడిగితే, తల్లి, పిల్ల, తల్లి, పిల్ల అంటూ అవే రెండు పేర్లు వేల వరుసల్లో కనిపిస్తాయి.

లెక్క కూడా సరిపోతుంది. లినక్స్‌లో ప్రధాన థ్రెడ్‌కు మామూలుగా ఉండే స్టాక్ పరిమితి 8 ఎంబీ, అంటే 83,88,608 బైట్లు. ఒక్కో అప్పగింత స్టాక్ మీద 64 బైట్లు మాత్రమే వదులుతుందనుకున్నా 1,31,072 అప్పగింతలకు అది నిండిపోతుంది. చుట్టుకు రెండు చొప్పున అది 65,536 చుట్లు. ఓ0లో స్టాక్ ఫ్రేములు (ఒక్కో పిలుపు స్టాక్ మీద తీసుకునే చోటు) ఇంకా పెద్దవిగా ఉంటాయి కాబట్టి మీ ప్రోగ్రాం అంతకన్నా ముందే పడిపోయి ఉండవచ్చు. మస్ల్ సీ లైబ్రరీతో బిల్డ్ చేస్తే కొత్త థ్రెడ్‌కు అప్రమేయంగా దొరికేది 128 కేబీ మాత్రమే, అక్కడ ఇదే లెక్కన 2,048 అప్పగింతలు చాలు.

పిలిచిన తరువాత చేయవలసిన పని ఏదీ మిగలనప్పుడు, ఆ పిలుపును కాల్‌గా కాకుండా జంప్‌గా మార్చడమే టెయిల్ కాల్. పిలిచేవారి స్టాక్ ఫ్రేమ్‌ను ముందే తీసేసి, పాత రిటర్న్ అడ్రస్‌ను అలాగే ఉంచి, నేరుగా కొత్త ఫంక్షన్‌లోకి దూకుతారు. కోరూటీన్‌కు ఇది ఎంతో సహజంగా అతుకుతుంది. ఆగిన కోరూటీన్‌కు కావలసినదంతా హీప్ మీది ఫ్రేమ్‌లోనే ఉంది, స్టాక్ మీద దానికి అవసరమైనది ఏమీ లేదు. పైగా కొనసాగింపు ఫంక్షన్లన్నీ ఒకే తీరువి: ఒక పాయింటర్‌ను తీసుకుంటాయి, ఏమీ తిరిగివ్వవు. సీ++లో హ్యాండిల్‌ను తిరిగిచ్చి అప్పగించే ఈ పద్ధతికి సిమెట్రిక్ ట్రాన్స్‌ఫర్ అని పేరు. గోర్ నిషనోవ్ ప్రతిపాదించగా 2018లో ఇది చేరింది.

మీ ఇబ్బందికి మూలం ఇక్కడ ఉంది. ఇలా ఎన్ని కోరూటీన్లనైనా వరుసగా కొనసాగించవచ్చని సీ++20 ప్రమాణం చెబుతుంది, కానీ ఆ మాటను ఒక నోట్‌గా చెబుతుంది. ప్రమాణ గ్రంథంలో నోట్ వివరణ మాత్రమే, దానికి నిబంధన బలం లేదు. దీన్ని స్కీమ్ భాషతో పోల్చి చూడండి. 1998 నాటి ఐదవ సవరణ నివేదికలో టెయిల్ కాల్స్‌కు స్టాక్ పెరగకూడదన్నది ప్రతి అమలూ పాటించవలసిన షరతు. సీ++లో ఆ భారం కంపైలర్ మీద, కంపైలర్ నుంచి టార్గెట్ మీద పడింది. జీసీసీలో టెయిల్ కాల్‌గా మార్చే పని ఓ2, ఓ3, ఓఎస్ స్థాయిల్లో అప్రమేయంగా జరుగుతుంది, ఓ0లో జరగదు. క్లాంగ్ అనే మరో కంపైలర్ దారి వేరు. అది తనకు ఆధారమైన ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ వ్యవస్థ మధ్యస్థ భాషలో ఈ పిలుపు మీద మస్ట్‌టెయిల్ అనే గుర్తు వేస్తుంది. ఆప్టిమైజేషన్ స్థాయి ఏదైనా దీన్ని జంప్‌గానే మార్చి తీరాలి, కుదరకపోతే తప్పు చూపి ఆగిపోవాలి అన్నది దాని అర్థం. క్లాంగ్ పాత వెర్షన్లలో, పిలుపుకూ రిటర్న్‌కూ మధ్య అనవసరమైన ఇన్‌స్ట్రక్షన్లు మిగిలిపోయి ఓ0లో ఆ గుర్తు పడని సందర్భాలు ఉండేవి.

మీకు నా సలహా ఇది. డీబగ్ బిల్డ్ కావాలంటే ఓ2తో పాటు డీబగ్ సమాచారాన్ని చేర్చి బిల్డ్ చేయండి. ఓ0 తప్పనిసరి అయితే సిమెట్రిక్ ట్రాన్స్‌ఫర్ మీద ఆధారపడకండి. దానికి ప్రత్యామ్నాయాన్ని మూడవ ప్రశ్నకు జవాబులో వివరించాను. స్టాక్ పరిమితిని పెంచడం మాత్రం పరిష్కారం కాదు. 64 ఎంబీకి పెంచితే అదే తప్పు ఎనిమిది రెట్లు ఆలస్యంగా వస్తుంది, అదీ పరీక్షల్లో కాకుండా వాడకందారుల దగ్గర వస్తుంది.

ప్రశ్న: మా ప్రోగ్రాం ఎక్స్86-64 మీద ఓ2లో ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. అదే జీసీసీ, అదే ఓ2తో పవర్9 ప్రాసెసర్ ఉన్న లినక్స్ సర్వర్ మీద నడిపితే స్టాక్ నిండిపోతోంది. ఇది కంపైలర్‌లోని తప్పేనా?
(ఒక పాఠకుడు, బెంగళూరు)

జవాబు: తప్పు కాదు. ఆ యంత్రం మీద ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకునే ఒప్పందమే, అంటే ఏబీఐ, ఈ జంప్‌ను అనుమతించదు. నాకు తెలిసినంతలో ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా నేర్చుకోదగ్గ సందర్భం ఇదే కాబట్టి నెమ్మదిగా చెబుతాను.

పవర్ ప్రాసెసర్ల 64-బిట్ ఏబీఐలో ప్రతి మాడ్యూల్‌కూ, అంటే ప్రతి ఎగ్జిక్యూటబుల్‌కూ ప్రతి షేర్డ్ లైబ్రరీకీ, టీఓసీ అనే సొంత పట్టిక ఉంటుంది. గ్లోబల్ వేరియబుల్స్ చిరునామాలు అందులో దొరుకుతాయి. ప్రస్తుతం ఏ మాడ్యూల్ కోడ్ నడుస్తుందో దాని పట్టిక చిరునామా ఆర్2 రిజిస్టర్‌లో (రిజిస్టర్ అంటే ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ) ఉండాలి. ఒకే మాడ్యూల్‌లోని రెండు ఫంక్షన్లు పిలుచుకునేటప్పుడు ఆర్2 మారదు కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోనవసరం లేదు. పాయింటర్ ద్వారా పిలిచేటప్పుడు మాత్రం, పిలవబడేది వేరే మాడ్యూల్‌లో ఉండవచ్చు. అప్పుడు పిలిచేవారే ఆర్2ను తమ స్టాక్ ఫ్రేమ్‌లో దాచుకుని, పిలుపు తిరిగి వచ్చాక దాన్ని మళ్లీ లోడ్ చేసుకోవాలి.

ఆ చివరి మాటే అడ్డంకి. తిరిగి వచ్చాక చేయవలసిన పని ఒకటి మిగిలిందంటే అది ఇక టెయిల్ కాల్ కాదు. బలవంతంగా జంప్ చేశామనుకోండి. గంగ అనే ఫంక్షన్ తన మాడ్యూల్‌లోనే ఉన్న యమునను పిలిచింది, స్థానిక పిలుపు కాబట్టి ఆర్2ను దాచుకోలేదు. యమున ఒక పాయింటర్ ద్వారా వేరే లైబ్రరీలోని కావేరిలోకి దూకింది. కావేరి తన పట్టికను ఆర్2లో పెట్టుకుని, పని ముగించి, యమునను దాటి నేరుగా గంగ దగ్గరకు వచ్చింది. గంగ చేతిలో ఇప్పుడు పక్క లైబ్రరీ పట్టిక ఉంది. గంగ చదివే తరువాతి గ్లోబల్ వేరియబుల్ ఏ చెత్త విలువ అయినా కావచ్చు. స్టాక్ నిండి పడిపోవడం కన్నా ఇది ఎన్నో రెట్లు ప్రమాదకరం, ఎందుకంటే ఇక్కడ ప్రోగ్రాం పడిపోకుండా తప్పు లెక్కలతో నడుస్తూ పోతుంది. అందుకే పాయింటర్ ద్వారా జరిగే టెయిల్ కాల్‌ను జీసీసీ అక్కడ చేయదు.

కోరూటీన్ అప్పగింత ప్రతిసారీ పాయింటర్ ద్వారానే జరుగుతుంది. చిరునామా ఫ్రేమ్‌లో ఉంది, ఎవరి ఫ్రేమ్ వస్తుందో కంపైలర్‌కు ముందుగా తెలియదు. మీ కోరూటీన్లన్నీ ఒకే ఎగ్జిక్యూటబుల్‌లో ఉన్నాయని, ఆర్2 ఎప్పుడూ మారదని మీకు తెలుసు. ఆ సంగతి కంపైలర్‌కు చెప్పే మార్గం ఆ పాయింటర్‌లో లేదు.

పవర్10తో పరిస్థితి మారింది. ప్రస్తుత ఇన్‌స్ట్రక్షన్ చిరునామాను ఆధారం చేసుకుని నేరుగా డేటాను అందుకునే ఇన్‌స్ట్రక్షన్లు అందులో వచ్చాయి. ఆ పద్ధతిలో కంపైల్ చేసిన ఫంక్షన్‌కు టీఓసీతో పని లేదు, ఆర్2ను కాపాడవలసిన బాధ్యతా లేదు, కాబట్టి పాయింటర్ ద్వారా టెయిల్ కాల్ సాధ్యమవుతుంది. పవర్9కు కంపైల్ చేసినంత కాలం ఆ వెసులుబాటు మీకు దొరకదు.

ఇలాంటి సమస్యతోనే నేను ఒకసారి రెండు రోజులు పోరాడాను. మెమరీ కేటాయింపును అనుమానించాను, థ్రెడ్ల మధ్య పోటీని అనుమానించాను. చివరికి డిస్అసెంబ్లీలో (తయారైన కోడ్‌లోని ఇన్‌స్ట్రక్షన్ల జాబితాలో) ఒక్క అక్షరం చూశాక విషయం అర్థమైంది. పవర్‌లో కౌంట్ రిజిస్టర్‌లోని చిరునామాకు దూకే ఇన్‌స్ట్రక్షన్ బీసీటీఆర్. రిటర్న్ అడ్రస్‌ను లింక్ రిజిస్టర్‌లో రాసిపెట్టి మరీ దూకేది బీసీటీఆర్‌ఎల్. చివర ఆ ఎల్ ఉండి, దాని కిందే ఆర్2ను స్టాక్ నుంచి మళ్లీ లోడ్ చేసే వరుస కనిపిస్తే అది మామూలు పిలుపు, స్టాక్ పెరుగుతుంది. మీరు మీ ఆబ్జెక్ట్ ఫైల్‌ను ఆబ్జ్‌డంప్ అనే సాధనంతో తెరిచి కొనసాగింపు ఫంక్షన్ చివర చూడండి. ఇతర ప్రాసెసర్ల మీదా ఇలాగే తేల్చుకోవచ్చు. ఎక్స్86-64లో కాల్ బదులు జంప్ ఉండాలి. రిస్క్-ఫైవ్‌లో జేఏఎల్ఆర్ రిటర్న్ అడ్రస్‌ను దాచకుండా, అంటే జేఆర్‌గా, కనిపించాలి. 64-బిట్ ఆర్మ్‌లో బీఎల్ఆర్ కాకుండా బీఆర్ ఉండాలి. ఆ ఆర్మ్‌లోనే బ్రాంచ్ టార్గెట్ రక్షణ ఆన్ చేసిన బిల్డ్‌లో ఆ బీఆర్ ఎక్స్16 లేదా ఎక్స్17 రిజిస్టర్ ద్వారానే సాగుతుంది. ఫంక్షన్ ముఖద్వారంలో ఉండే గుర్తు ఏ రిజిస్టర్ ద్వారా వచ్చిన పిలుపునైనా లోపలికి రానిస్తుంది గానీ, జంప్‌ను మాత్రం ఆ రెండు రిజిస్టర్ల ద్వారా వస్తేనే పిలుపుగా లెక్కిస్తుంది. టెయిల్ కాల్‌ను దృష్టిలో పెట్టుకునే హార్డ్‌వేర్ రూపకర్తలు ఆ సందు వదిలారు, ఆ శ్రద్ధ నాకు ఎంతో నచ్చింది.

ప్రశ్న: మా సీ++ కోరూటీన్ లైబ్రరీని ఎమ్‌స్క్రిప్టెన్ అనే కంపైలర్‌తో వెబ్‌అసెంబ్లీకి, అంటే బ్రౌజర్లు నడపగల కోడ్ రూపానికి, మార్చి బ్రౌజర్‌లో నడపాలనుకుంటున్నాం. అక్కడ జంప్ ఇన్‌స్ట్రక్షనే లేదంటారు కదా. సిమెట్రిక్ ట్రాన్స్‌ఫర్ పనిచేస్తుందా? పనిచేయకపోతే ఏం చేయాలి?
(ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: వెబ్‌అసెంబ్లీలో ఇష్టం వచ్చిన చిరునామాకు దూకే అవకాశం ఉద్దేశపూర్వకంగానే లేదు. కోడ్ అంతా బ్లాకులు, లూపుల రూపంలో ఉంటుంది, రిటర్న్ అడ్రసులు ప్రోగ్రాంకు కనిపించని చోట బ్రౌజర్ ఇంజిన్ అధీనంలో ఉంటాయి. కాబట్టి కంపైలర్ ఎంత తెలివైనదైనా, ఇంజిన్ సహాయం లేకుండా టెయిల్ కాల్‌ను సృష్టించలేదు. ఆ సహాయం కోసమే రెండు కొత్త ఇన్‌స్ట్రక్షన్లు వచ్చాయి: నేరుగా పిలిచే రిటర్న్-కాల్, పట్టిక ద్వారా పిలిచే రిటర్న్-కాల్-ఇండైరెక్ట్. కోరూటీన్లకు కావలసింది రెండవది. క్రోమ్ 2023లో 112వ వెర్షన్‌తో, ఫైర్‌ఫాక్స్ అదే ఏడాది డిసెంబరులో 121వ వెర్షన్‌తో, సఫారీ 2024 డిసెంబరులో 18.2తో వీటిని అందించాయి. 2025లో వెలువడిన వెబ్‌అసెంబ్లీ 3.0లో ఇవి భాగమయ్యాయి.

అయితే కంపైలర్ వీటిని తనంతట తాను వాడేస్తుందని అనుకోకండి. పాత బ్రౌజర్లలో ఈ ఇన్‌స్ట్రక్షన్లు ఉన్న ఫైల్ అసలు లోడ్ కాదు. అందువల్ల టెయిల్-కాల్ సదుపాయాన్ని కంపైల్ చేసేటప్పుడు మీరే స్పష్టంగా కోరాలి. కోరకపోతే ఏమవుతుందన్నది ముఖ్యం. టార్గెట్‌కు టెయిల్ కాల్ సామర్థ్యం ఉందో లేదో ఎల్ఎల్‌వీఎం కోరూటీన్‌ను ముక్కలు చేసే దశలో అడిగి తెలుసుకుంటుంది. లేదని తెలిస్తే మస్ట్‌టెయిల్ గుర్తు వేయకుండా మామూలు పిలుపుగా వదిలేస్తుంది. తప్పు చూపి ఆగిపోదు, హెచ్చరిక కూడా ఉండదు. పిలుపుల లోతు తక్కువగా ఉండే ప్రోగ్రాములను అనవసరంగా ఆపకూడదన్న ఉద్దేశంతో తీసుకున్న నిర్ణయం అది. దాన్ని నేను అర్థం చేసుకోగలను గానీ, కనీసం ఒక హెచ్చరిక ఉండవలసిందన్నది నా గట్టి అభిప్రాయం. ఒక టార్గెట్‌లో హామీగా ఉన్నది మరో టార్గెట్‌లో మాయమైతే, ఆ సంగతి ప్రోగ్రామర్‌కు తెలియాలి.

పాత బ్రౌజర్లకూ చేరాలంటే మీరు ట్రాంపొలీన్ పద్ధతికి మారాలి. అందులో అవైట్-సస్పెండ్ తరువాతి హ్యాండిల్‌ను తిరిగివ్వదు. దాన్ని థ్రెడ్‌కు ఒకటి చొప్పున ఉండే ఒక వేరియబుల్‌లో రాసి, ఏమీ తిరిగివ్వకుండా వెనక్కి వస్తుంది. కోరూటీన్ కొనసాగింపు ఫంక్షన్ కూడా దానితో ముగిసి, తనను పిలిచిన లూప్‌కు వస్తుంది. లూప్ ఆ వేరియబుల్‌లో హ్యాండిల్ ఉందా అని చూసి, ఉంటే తీసుకుని దాన్ని ఖాళీ చేసి, ఆ కోరూటీన్‌ను కొనసాగిస్తుంది. లేకపోతే లూప్ ముగుస్తుంది. ఎన్ని కోరూటీన్లు చేతులు మారినా స్టాక్ మీద లూప్, దాని పైన ఒక్క కోరూటీన్ మాత్రమే ఉంటాయి.

ఇందులో రెండు చోట్ల జాగ్రత్త అవసరం. మొదటిది, బయటి సంఘటన ఏదైనా, ఉదాహరణకు సాకెట్‌కు డేటా రావడం, కోరూటీన్‌ను కొనసాగించే ప్రతిచోటా ఈ లూప్ ఉండాలి. ఈ థ్రెడ్‌లో లూప్ అప్పటికే నడుస్తుంటే కొత్త లూప్ మొదలుపెట్టకుండా హ్యాండిల్‌ను వరుసలో చేర్చాలి, లేదంటే లూపుల లోపల లూపులు పేరుకుని సమస్య మళ్లీ మొదటికి వస్తుంది. రెండవది, అవైట్-సస్పెండ్ లోపల మీ హ్యాండిల్‌ను మరో థ్రెడ్‌కు అందించిన క్షణం నుంచి మీ ఫ్రేమ్‌ను ముట్టుకోకూడదు. ఆ థ్రెడ్ కోరూటీన్‌ను ముగించి ఫ్రేమ్‌ను అప్పటికే విడుదల చేసి ఉండవచ్చు.

ఖర్చు విషయానికి వస్తే, ఒక్కో అప్పగింతకు ఒక రిటర్న్, ఒక మెమరీ రీడ్, ఒక పరోక్ష పిలుపు. ఇన్‌పుట్-అవుట్‌పుట్ కోసం ఎదురుచూసే ప్రోగ్రాంలో ఇది లెక్కలోకి రాదు. సంఖ్యల వరుసను ఒక్కొక్కటిగా పుట్టించే చిన్న జనరేటర్లలో తెలుస్తుంది. అక్కడ అవైట్-సస్పెండ్ బూలియన్ తిరిగిచ్చే రూపం ఉపయోగపడుతుంది. పిల్లను అక్కడికక్కడే నడిపి, అది వెంటనే పూర్తయితే ఫాల్స్ అనే విలువను తిరిగిస్తే తల్లి అసలు ఆగకుండా ముందుకు సాగుతుంది, స్టాక్ పెరగదు. కాకపోతే పిల్ల ఇక్కడే పూర్తయిందా, వేరే థ్రెడ్ మీద పూర్తయిందా అన్నది తేల్చడానికి ఒక అటామిక్ వేరియబుల్ (రెండు థ్రెడ్లు ఒకేసారి ముట్టుకున్నా చెడనిది) కావాలి.

ప్రశ్న: క్లాంగ్‌లో మస్ట్‌టెయిల్ అనే అట్రిబ్యూట్ (కోడ్‌లో కంపైలర్‌కు ఇచ్చే సూచన) ఉందని చదివాను. దాన్ని కోరూటీన్ లోపల వాడి హామీ తెచ్చుకోవచ్చా? నా ప్రాజెక్టు కార్టెక్స్-ఎం0 అనే చిన్న ప్రాసెసర్ ఉన్న బోర్డు మీద నడవాలి.
(ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ)

జవాబు: వాడలేరు. ఆ అట్రిబ్యూట్ రిటర్న్ వాక్యం మీద పెట్టేది, కోరూటీన్ లోపల మామూలు రిటర్న్ వాక్యానికి చోటు లేదు. కో-రిటర్న్ అంటే పిలుపు కాదు, అది కోరూటీన్ ఫలితాన్ని అందుకునే ప్రామిస్ ఆబ్జెక్ట్‌కు విలువను అందించి చివరి విరామానికి వెళ్లడం. కోరూటీన్ల మధ్య అప్పగింత మీద గుర్తు వేయడం పూర్తిగా కంపైలర్ చేతిలోని పని. మామూలు ఫంక్షన్లలో మాత్రం ఆ అట్రిబ్యూట్ ఎంతో విలువైనది. క్లాంగ్‌లో 2021లో 13వ వెర్షన్‌తో, జీసీసీలో 2025లో 15వ వెర్షన్‌తో వచ్చింది. పైథాన్ 3.14లో బైట్‌కోడ్ ఇంటర్‌ప్రెటర్‌ను టెయిల్ కాల్స్‌తో నడిపే ఐచ్ఛిక రూపం దీని మీదే ఆధారపడింది.

మీ బోర్డు గురించి చెప్పాలంటే, కార్టెక్స్-ఎం0లో ఉండేది ఆర్మ్‌వీ6-ఎం అనే ఇన్‌స్ట్రక్షన్ సెట్, దాదాపు పూర్తిగా 16-బిట్ థంబ్ ఇన్‌స్ట్రక్షన్లు. స్టాక్ నుంచి రిజిస్టర్లను వెనక్కి తీసే పాప్ ఇన్‌స్ట్రక్షన్ అక్కడ ఆర్0 నుంచి ఆర్7 వరకూ, దానితోపాటు ప్రోగ్రాం కౌంటర్‌ను మాత్రమే తీయగలదు. లింక్ రిజిస్టర్‌ను నేరుగా తీయలేదు. టెయిల్ కాల్‌కు ముందు మొట్టమొదట పునరుద్ధరించవలసింది ఆ లింక్ రిజిస్టర్‌నే, ఎందుకంటే పాత రిటర్న్ అడ్రస్ ఉండవలసిన చోటు అదే. వేరే రిజిస్టర్ ద్వారా తిప్పి తీయవచ్చు గానీ, ఖాళీ రిజిస్టర్లు కొద్దిగా ఉన్న ఆ యంత్రం మీద అది కష్టం. ఎల్ఎల్‌వీఎం ఈ తరగతి ప్రాసెసర్లను టెయిల్ కాల్ లేనివిగానే పరిగణిస్తుంది. మీ బోర్డు మొత్తం మెమరీ కొన్ని కేబీలే కాబట్టి స్టాక్‌కు మిగిలేది అందులో ఒక ముక్క. మొదటి రోజు నుంచే ట్రాంపొలీన్ లూప్‌తో రాయండి. కార్టెక్స్-ఎం3, ఎం4లకు వెళ్తే ఈ అడ్డంకి ఉండదు, వాటి థంబ్-2లో లింక్ రిజిస్టర్‌ను నేరుగా తీయవచ్చు.

ప్రశ్న: కోట్లిన్, స్విఫ్ట్, రస్ట్ భాషల్లోనూ కోరూటీన్ల లాగే మధ్యలో ఆగి సాగే అసింక్ ఫంక్షన్లు ఉన్నాయి కదా. అక్కడ ఈ గొడవ ఎందుకు వినిపించదు? మా ప్రాజెక్టు పది రకాల టార్గెట్లకు వెళ్తుంది, సీ++లోనే ఉంటే దీన్ని ముందుగా పట్టుకునే మార్గం ఏదైనా ఉందా?
(ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: ఆ భాషలు ఒక్కొక్కటి ఒక్కో దారిలో వెళ్లాయి. జావా వర్చువల్ మెషీన్‌లో టెయిల్ కాల్ లేదు. అందుకని కోట్లిన్ లైబ్రరీలో కొనసాగింపును నడిపే మూల తరగతి లోపలే ఒక లూప్ పెట్టారు. ఒక సస్పెండ్ ఫంక్షన్ పూర్తికాగానే దాని పైదాన్ని మళ్లీ పిలవకుండా అదే లూప్ తరువాతి చుట్టులో అందుకుంటుంది, కాబట్టి బ్యాక్‌ట్రేస్ కూడా పొట్టిగా ఉంటుంది. మీరు ట్రాంపొలీన్‌ను మీ చేతులతో రాసే బదులు వాళ్లు భాషతోపాటే ఇచ్చారన్నమాట. రస్ట్‌లో దిశే వేరు. అక్కడ ఫ్యూచర్ (ఇంకా పూర్తికావలసిన పని) తనంతట తాను పక్కదానికి పని అప్పగించదు. పైనున్నది కిందనున్నదాన్ని పోల్ చేస్తుంది, సిద్ధమైందా లేదా అన్న జవాబుతో పిలుపు వెనక్కి వస్తుంది. స్టాక్ లోతు ఫ్యూచర్ల గూడు ఎంత లోతుగా ఉందో అంతే, ఎన్నిసార్లు చేతులు మారిందన్న దానితో దానికి సంబంధం లేదు. స్విఫ్ట్ మాత్రం సీ++ లాగే టెయిల్ కాల్స్ మీద నిలబడింది. 2021లో 5.5తో అసింక్ వచ్చినప్పుడు, టెయిల్ కాల్‌కు హామీ ఇచ్చే ప్రత్యేకమైన పిలుపు ఒప్పందాన్నే ఎల్ఎల్‌వీఎంలో చేర్చుకున్నారు. ఆ ఒప్పందానికి మద్దతు లేని వెబ్‌అసెంబ్లీ వంటి టార్గెట్లలో మామూలు ఒప్పందంతో సర్దుకోవలసి వచ్చింది. అంటే గొడవ అక్కడా ఉంది, భాషను వాడేవారి దాకా చాలా అరుదుగా వస్తుంది.

సీ++లో ముందుగా పట్టుకోవడానికి నేను ప్రతి ప్రాజెక్టులోనూ పెట్టే పరీక్ష ఒకటి ఉంది. ఎక్కడా ఆగకుండా వెంటనే ఒక సంఖ్యను తిరిగిచ్చే పిల్ల కోరూటీన్‌ను, తల్లి కోరూటీన్ లూప్‌లో 10 లక్షల సార్లు కో-అవైట్ చేస్తుంది. చివరికి మొత్తం సరిగా వచ్చిందో లేదో చూస్తుంది, అంతే. దీన్ని యులిమిట్ అనే ఆదేశంతో స్టాక్‌ను 256 కేబీకి కుదించి నడపాలి, అప్పుడు టెయిల్ కాల్ లేని టార్గెట్ కొన్ని వేల చుట్లలోనే బయటపడుతుంది. వెబ్‌అసెంబ్లీ వంటి చోట్ల ఇంజిన్ పెట్టే స్టాక్ పరిమితే ఆ పని చేస్తుంది. ప్రతి టార్గెట్‌కూ ఓ0లో, ఓ2లో, అడ్రస్ శానిటైజర్‌తో (మెమరీ తప్పులను పట్టే తనిఖీలతో), మూడు విధాలుగానూ నడపండి. శానిటైజర్ చేర్చే తనిఖీ కోడ్ పిలుపు తరువాత పని మిగిల్చి టెయిల్ కాల్‌ను చెడగొట్టే సందర్భాలు ఉంటాయి. కంపైలర్ వెర్షన్ మార్చిన ప్రతిసారీ మళ్లీ నడపండి. మీ పది టార్గెట్లలో ఒక్కటి విఫలమైనా, ఆ ఒక్కదాని కోసం వేరే దారి పెట్టకుండా అన్నిటికీ ట్రాంపొలీన్‌నే వాడమని చెబుతాను. రెండు దారులుంటే, తక్కువగా నడిచే దారిలోని తప్పులు ఎవరి కంటా పడకుండా ఉండిపోతాయి. వేగం తప్పనిసరి అయిన చోట మాత్రం కంపైల్ సమయంలోనే టార్గెట్‌ను బట్టి దారిని ఎంచుకోండి, అప్పుడు పై పరీక్ష రెండు దారులకూ ఉండాలి.